ఏ కాలమ్ అంకెను అచ్చువేస్తున్నారో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సహజ రేడియోధార్మికత గురించి మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సామాన్య పాఠకులకు అంతగా పరిచయం లేని విషయాన్ని ఎంచుకున్నందుకు అభినందనలు. అయితే గామా కిరణ స్పెక్ట్రోమీటర్ (నేల నుంచి వచ్చే గామా కిరణాలను వాటి శక్తిని బట్టి లెక్కించే పరికరం) సర్వే పట్టిక నుంచి తీసుకున్న అంకెలన్నింటినీ అందులో ‘రేడియేషన్ స్థాయి’ అనే ఒక్క మాట కిందకు చేర్చారు. ఒకచోట సెకనుకు వచ్చిన కౌంట్లను, మరోచోట పీపీఎంలలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత) యురేనియాన్ని, ఇంకోచోట గంటకు నానోగ్రేలను (రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఇచ్చి, పెద్ద అంకె ఉన్న చోట ప్రమాదం ఎక్కువన్న అర్థం వచ్చేలా రాశారు. సర్వే సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ పక్కపక్క కాలమ్‌లలోనే చూపిస్తుంది, నిజమే. కానీ అవి కొలిచేవి మూడు వేర్వేరు సంగతులు. చాలా ఏళ్లుగా ఇలాంటి పట్టికలతోనే పని చేస్తున్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పరికరాల్లో సాధారణంగా సోడియం అయొడైడ్ స్ఫటికం ఉంటుంది. గామా కిరణం తన శక్తిని అందులో వదిలినప్పుడల్లా చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపు తీవ్రతను బట్టి దాన్ని 256, 512 లేదా 1024 చానెళ్లలో ఏదో ఒకదానిలో జమకడతారు. మొత్తం చానెళ్ల నుంచి కొన్ని భాగాలను ‘విండో’లుగా విడదీస్తారు: పొటాషియం-40 విడుదల చేసే 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం చుట్టూ ఒకటి, బిస్మత్-214 విడుదల చేసే 1764 చుట్టూ ఒకటి, థాలియం-208 విడుదల చేసే 2614 చుట్టూ మరొకటి. పట్టికలో పొటాషియం, యురేనియం, థోరియం పేర్లతో కనిపించే కౌంట్ల కాలమ్‌లు ఈ విండోలలో పడిన మెరుపుల సంఖ్యలే. అవి స్ఫటికం పరిమాణాన్ని బట్టి మారిపోతాయి. చేతితో పట్టుకునే పరికరంలో స్ఫటికం మూడో వంతు లీటరు ఉంటే, విమానంలో అమర్చే వాటిలో నాలుగు స్ఫటికాలు కలిసి 16 లీటర్లు దాటుతాయి. కాబట్టి రెండు సర్వేల కౌంట్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఆధారమే లేదు.

పాఠకులు గమనించవలసిన అసలు సంగతి యురేనియం కాలమ్‌లో ఉంది. యురేనియం-238 నుంచి నేరుగా వచ్చే గామా కిరణాలు ఈ రకం సర్వేకు పనికొచ్చేంత బలమైనవి కావు. పరికరం చూసేది దాని సంతతిలో, అంటే యురేనియం విఘటనం చెందుతూ పోగా ఒకదాని నుంచి ఒకటిగా పుట్టే మూలకాల వరుసలో, చాలా దూరాన ఉన్న బిస్మత్-214ను. ఈ సంతతి అంతా సమతుల్యంలో ఉందని, అంటే అందులో ఒక్కోటీ పుట్టినంత వేగంగానే తరిగిపోతోందని అనుకుని, ఇంత బిస్మత్ ఉండాలంటే ఎంత యురేనియం ఉండాలో సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. అందుకే ఆ కాలమ్ పేరు ముందు ‘తుల్య’ అనే అర్థంలో ‘ఈ’ చేర్చి ‘ఈయూ’ అంటారు; తన సంతతిలోని థాలియం-208ను బట్టి లెక్కకట్టే థోరియానిది ‘ఈటీహెచ్’. పొటాషియానికి మాత్రం ఆ అక్షరం అక్కర్లేదు, ఎందుకంటే అక్కడ కిరణం పొటాషియం నుంచే వస్తుంది. మీ వ్యాసంలో ఆ ఒక్క ‘ఈ’ రాలిపోవడంతో ఒక అంచనా కాస్తా ప్రత్యక్ష కొలతగా మారిపోయింది.

ఆ అంచనా ఎలా తప్పుతుందో ఒకసారి కళ్లారా చూశాం. వాన వెలిసిన అరగంటకే కొలతలు మొదలుపెట్టిన రోజది. ముందురోజు కొలిచిన చోటే ఈయూ విలువ దాదాపు రెట్టింపై కనిపించింది. పొటాషియం, థోరియం మాత్రం పెరగకపోగా కాస్త తగ్గాయి. పరికరాన్ని కదపకుండా అక్కడే ఉంచి వరుసగా రీడింగులు తీశాం. ఒక్కో వరుసకూ ఈయూ దిగుతూ వచ్చి, మూడు గంటలయ్యేసరికి మామూలు స్థాయికి చేరింది. గాలిలోని రేడాన్ (యురేనియం సంతతిలోని వాయువు) నుంచి పుట్టిన సీసం-214, బిస్మత్-214లను వాన నేలమీదికి దించింది. వాటి అర్ధాయువులు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలాలు, సుమారు 27, 20 నిమిషాలు మాత్రమే. తడిసిన మట్టి లోపలి నుంచి వచ్చే కిరణాలను కొంత అడ్డుకున్నందువల్ల మిగతా రెండూ తగ్గాయి. ఎవరూ పట్టించుకోని సమయం కాలమ్ లేకపోతే ఆ మొదటి వరుసను యురేనియం ఆచూకీగానే నమ్మి ఉండేవాళ్లం.

కౌంట్ల నుంచి గాఢతకు చేరడానికి మధ్యలో జరిగే పని కూడా తక్కువేమీ కాదు. ముందుగా కౌంట్లను గడియారం చూపిన కాలంతో కాకుండా, పరికరం నిజంగా లెక్కించగలిగిన కాలంతో, అంటే ‘లైవ్ టైమ్’తో భాగించాలి. తర్వాత విశ్వకిరణాల వల్లా, పరికరం వల్లా వచ్చే నేపథ్యాన్ని తీసివేయాలి. థోరియం సంతతి కిరణాలు చెదిరి, శక్తి కోల్పోయి యురేనియం, పొటాషియం విండోలలోనూ పడతాయి కాబట్టి ఆ వాటానూ తీసివేయాలి. దీన్నే స్ట్రిప్పింగ్ అంటారు. తెలిసిన మోతాదుల్లో ఈ మూలకాలున్న కాంక్రీటు దిమ్మెలపై పరికరాన్ని ముందుగా పరీక్షించి ఆ నిష్పత్తులను రాబడతారు. ఇన్ని తీసివేతల తర్వాత యురేనియం కాలమ్‌లో అక్కడక్కడ రుణ సంఖ్యలు వస్తాయి. అవి తప్పులు కావు. వాటిని చెరిపి సున్నాలు పెడితే సగటు లేనిపోని పెరుగుదల చూపుతుంది. అలాగే ఒక విండోలో 100 కౌంట్లే వచ్చినప్పుడు, కేవలం యాదృచ్ఛికత వల్లే పదేసి కౌంట్ల అటూఇటూ తేడా సహజం. అలాంటి కొలతను దశాంశ బిందువు తర్వాత మూడు స్థానాల దాకా అచ్చువేస్తే లేని కచ్చితత్వాన్ని పాఠకుడికి చూపించినట్టవుతుంది.

ఇక మోతాదు రేటు సంగతి. ఒక వరుసలో పొటాషియం 2 శాతం, ఈయూ 3 పీపీఎం, ఈటీహెచ్ 12 పీపీఎం ఉన్నాయనుకుందాం. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చిన గుణకాల ప్రకారం ఒక శాతం పొటాషియానికి 13.078, ఒక పీపీఎం యురేనియానికి 5.675, ఒక పీపీఎం థోరియానికి 2.494 చొప్పున లెక్కిస్తే గంటకు సుమారు 73 నానోగ్రేలు వస్తాయి. అందులో థోరియం వాటా 30, పొటాషియం వాటా 26, యురేనియం వాటా 17. ఆరుబయట నేల నుంచి వచ్చే మోతాదుకు ప్రపంచ సగటు 60 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఈ వరుస ఎవరినీ భయపెట్టవలసినది కాదు. అదే వరుసలోని మొత్తం కౌంట్ల కాలమ్‌లో వందల్లోనో వేలల్లోనో అంకె ఉండవచ్చు. దాన్ని శీర్షికలో చూసిన తల్లిదండ్రులు తమ పిల్లలు ఆ నేలపై ఆడుకోవచ్చా అని కంగారుపడరా?

అక్షాంశ రేఖాంశాల కాలమ్‌ల గురించి ఒక్క మాట. జీపీఎస్ సమయం చాలాసార్లు స్థానిక సమయం కాదు, సార్వత్రిక సమయం. వాన కురిసిన వేళతో రీడింగులను సరిచూసేటప్పుడు ఈ తేడా మరిస్తే లెక్క తలకిందులవుతుంది.

ఇకపై సర్వే అంకెలు ప్రచురించేటప్పుడు కౌంట్లను ‘లెక్కింపు రేటు’ అనీ, శాతం, పీపీఎంలలో ఉన్నవాటిని ‘గాఢత’ అనీ, నానోగ్రేలను ‘మోతాదు రేటు’ అనీ విడివిడిగా రాయమని కోరుతున్నాను. పట్టిక కింద చిన్న అక్షరాల్లోనైనా ఒక వరుస కేటాయించి, అంకెలు దిద్దినవా దిద్దనివా, ఒక్కో రీడింగుకు ఎంత సమయం తీసుకున్నారు, అంతకుముందు వాన పడిందా అన్నవి తెలపండి. పాత వ్యాసంలోని పట్టికను కూడా ఈ విధంగా సవరించి మరోసారి ప్రచురిస్తే, దాన్ని కత్తిరించి దాచుకున్న విద్యార్థులకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
గామా కిరణ సర్వే డేటా విశ్లేషణలో పని చేస్తున్న ఒక పాఠకుడు