దురాక్రమణను దురాక్రమణ అనే రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కర్నూలు జిల్లా, ఆలూరు దగ్గర పల్లె. రోజూ పొద్దున టీ అంగట్లో మీ పేపరు చదివాకే పొలానికి పోతాను. ఉక్రెయిన్ వార్త ఒక్కటీ వదల్లేదు. అయితే మీరు ఇప్పటికీ ‘ఉక్రెయిన్ సంక్షోభం’ అనే హెడ్డింగ్ పెడుతుంటే మనసుకు కష్టంగా ఉంది. సంక్షోభం అంటే వాన పడక వచ్చిన కరువులాగా వినిపిస్తుంది. ఇది అట్లా వచ్చింది కాదు, 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా సైన్యం ఉక్రెయిన్ సరిహద్దు దాటి లోపలికి వచ్చింది. 1962లో చైనా మన మీదికి వస్తే దాన్ని దురాక్రమణ అన్నాం, ఇప్పటికీ అట్లాగే అంటున్నాం. మనకైతే ఒక మాట, వాళ్ళకైతే ఇంకో మాటా?

మొదటి వారంలో ఉక్రెయిన్ రాజధాని కీవ్ పడిపోతుందనే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. తర్వాత ఆ ఊరికి ఉత్తరాన 60 కిలోమీటర్ల పైన పొడవున బారులు తీరిన రష్యా ట్యాంకులు, లారీలు కదలకుండా నిలబడిపోయిన ఫోటో చూశాక నాకు విషయం అర్థమైంది. మాది నల్లరేగడి. ఒకసారి పత్తి మూటలేసుకుని వస్తుంటే వాన పట్టుకుంది, ట్రాక్టర్ ఇరుసు దాకా దిగబడింది, లాగడానికి తెచ్చిన రెండో ట్రాక్టరూ పక్కనే కూరుకుపోయింది, నేల ఆరిందాకా రెండూ అక్కడే ఉన్నాయి. ఉక్రెయిన్‌దీ నల్లనేలే, పైగా అప్పుడు మంచు కరిగే కాలం. పొలాల్లోకి దిగితే బురద, తారు రోడ్డు మీద ఉంటే ముందు బండి ఆగితే వెనకవన్నీ ఆగాలి, డీజిల్ అందదు. ఉక్రెయిన్ వాళ్ళు కీవ్ పక్కన ఇర్పిన్ నది ఆనకట్ట తెరిచి తమ ఊళ్ళనే ముంచుకుని దారి మూశారు. కీవ్ దగ్గరి హోస్టోమెల్ విమానాశ్రయంలో మొదటి రోజే దిగిన రష్యా దళాలకు వెనక విమానాల్లో రావాల్సిన సాయం చేరలేదు. నెల తిరిగేసరికి ఆ వైపు నుంచి వెనక్కి పోయారు, పోయాక కీవ్ పక్కనున్న బూచా ఊరి వీధుల్లో శవాలు బయటపడ్డాయి. ఇదంతా రాయకుండా ఎన్ని ట్యాంకులు, ఎన్ని మిసైళ్ళు అని పట్టిక వేస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది సార్?

అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో మీదికి వస్తుంటే రష్యా ఏం చేయాలి అని మా అంగట్లోనూ అంటారు. 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది, రష్యాతో దానికి 1,300 కిలోమీటర్ల పైన సరిహద్దు ఉంది, దాని మీదికి సైన్యం పోలేదే. ఇంకోటి, 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన దగ్గరున్న అణ్వాయుధాలు వదులుకోవడానికి ఒప్పుకుంటే, దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకం పెట్టిన వాళ్ళలో రష్యా కూడా ఉంది.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు భద్రతా మండలిలో సోవియట్ యూనియన్ మన కోసం వీటో వేసింది, ఆ మేలు మా నాయన చెప్పగా విన్నాను, మరిచిపోను. కానీ ఆ సోవియట్ యూనియన్‌లో ఉక్రెయిన్ కూడా ఉండె కదా. మన వైమానిక దళం వాడే ఏఎన్-32 విమానం కీవ్‌లోని ఆంటొనోవ్ వాళ్ళు తయారుచేసిందే. ఆ రుణం ఒక్క మాస్కోకే ఎట్లా కడతాం?

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యా వెనక్కి పోవాలని 141 దేశాలు ఓటేశాయి, 5 వ్యతిరేకించాయి, ఓటు వేయని 35లో మనమూ ఉన్నాం. ఆ రోజు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్, సూమీ బంకర్లలో చదువుకోడానికి పోయిన మన పిల్లలు ఉన్నారు, వాళ్ళ తల్లిదండ్రులు పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆయుధాలకూ రష్యా కావాలి, తర్వాత చవక క్రూడాయిలూ వచ్చింది. ప్రభుత్వానికి ఆ లెక్కలు ఉంటాయి, ఒప్పుకుంటాను. 2022 సెప్టెంబర్‌లో సమర్‌కండ్‌లో మన ప్రధాని ఇది యుద్ధాల కాలం కాదని పుతిన్ ముఖం మీదే చెప్పారు కూడా. పేపరుకు ఆ లెక్కలు లేవు కదా, మీరెందుకు మొహమాటపడాలి?

హెడ్డింగ్ మార్చండి సార్. మ్యాపు వేసేటప్పుడు బాణం గుర్తులతో పాటు నదులు, రైలు దారులు కూడా చూపించండి. మా అంగట్లో ఆ పేజీని పదిమంది చదువుతారు.

— ఒక రైతు, ఆలూరు, కర్నూలు జిల్లా