కారవాన్ టాయిలెట్ డబ్బా ఎక్కడ ఖాళీ చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

సెలవులు రాగానే కారవాన్ అద్దెకు తీసుకుని పిల్లాపాపలతో విశాఖ తీరానికి బయల్దేరే కుటుంబాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. బండిలో పడకలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. ఆ బాత్రూమ్‌లో చేరిన మలాన్ని ఎక్కడ పారబోయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

చిన్న కారవాన్లలో ఉండే క్యాసెట్ టాయిలెట్ డబ్బా, అంటే మలం చేరే, బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా, 18 నుంచి 20 లీటర్లు పడుతుంది. నలుగురు వాడితే రెండు రోజులకే నిండుతుంది. ఇక్కడి నుంచి విశాఖ సుమారు 620 కిలోమీటర్లు. దారిలో ఒక రోజు, బీచ్‌లో ఒక రోజు లెక్కేస్తే డబ్బా నిండేది సరిగ్గా సముద్రం ఒడ్డునే. అక్కడ రుషికొండ 2020లో బ్లూఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) పొందిన బీచ్. ఇంకాస్త ముందుకు వెళితే తొట్లకొండ కింద మంగమారిపేట శిలాతోరణం. ఆటు సమయంలో అక్కడి రాళ్ల గుంటల్లో నీళ్లు నిలిచి, చిన్న పీతలు, చేపపిల్లలు తిరుగుతుంటాయి. ఆ గుంటలో పోసిన మురుగు మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. జాలరి పిల్లలు ఆడుకునేదీ అక్కడే.

చీకటి పడ్డాక రోడ్డు పక్క కాలువలో పోసేస్తే పోలేదా అనుకునేవాళ్లున్నారు. వాననీటి కాలువ చివరికి చేరేది సముద్రానికే. మధ్యలో పూడితే ఎత్తాల్సింది పారిశుద్ధ్య కార్మికుడు. మనిషి చేత మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మన విహారం కోసం ఆ పనిని మళ్లీ ఒకరి చేతుల్లో పెట్టడం ఘోరం.

దాబా మరుగుదొడ్డిలో పోయడం కొంత నయమే కానీ అందులోనూ చిక్కుంది. వాసన రాకుండా డబ్బాలో వేసే నీలం మందుల్లో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉంటుంది. అది సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపేస్తుంది. ఎంజైమ్ మందు వాడితే ఆ బాధ ఉండదు. పోసేటప్పుడు డబ్బా మీద ఉండే, లోపలికి గాలి వదిలే బటన్ నొక్కి పట్టుకోవాలి, లేదంటే గుడగుడమని ఎగదన్ని బట్టల మీద పడుతుంది. తర్వాత రెండు మూడు లీటర్ల నీళ్లతో రెండుసార్లు తొలిచి, మళ్లీ కాస్త నీళ్లు, మందు పోసి బిగించాలి. ఈ పది నిమిషాల పని బండి అప్పగించేటప్పుడే అద్దె సంస్థలు చేసి చూపించాలి.

రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలను మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జాతీయ రహదారి మీద, విశాఖ–భీమిలి దారిలో, ఇప్పటికే సెప్టిక్ ట్యాంకు ఉన్న పర్యాటక వసతి గృహాల ఆవరణలో ఒక సిమెంటు గచ్చు వేయండి. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు చాలు. మధ్యలోకి వాలు, అక్కడ మూత ఉన్న నాలుగంగుళాల గొట్టం, అది నేరుగా ట్యాంకులోకి. తీరంలో అయితే రోడ్డుకు సముద్రం వైపు కాకుండా ఊరి వైపే కట్టాలి. కుళాయిలు రెండు ఉండాలి, డబ్బా కడగడానికి ఒకటి, తాగునీటికి ఒకటి, దూరంగా ఉండాలి. ఒకటే ఉంటే డబ్బా మూతిలో దూర్చి కడిగిన పైపునే మరొకరు తాగునీటి ట్యాంకులో పెడతారు. పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యేది అలాగే. డబ్బా కడిగే కుళాయికి ఎరుపు రంగు వేసి, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. వాడుకున్నందుకు వంద రూపాయలు తీసుకున్నా ఎవరూ కాదనరు.

హైదరాబాద్‌లోనూ ఇదే ఇబ్బంది. తిరిగొచ్చిన బండి డబ్బా ఖాళీ చేసుకోవడానికి జలమండలి తన మురుగుశుద్ధి కేంద్రాల్లో, కనీసం నగరానికి తూర్పున విజయవాడ దారికి దగ్గరగా ఉన్న ఒకదానిలో, ఆదివారం రాత్రి, సోమవారం ఉదయం అనుమతి ఇవ్వాలి. సెలవుల నుంచి బండ్లు తిరిగొచ్చేది ఆ వేళల్లోనే.

— కొందరు పాఠకులు, హైదరాబాద్