వర్తక సంఘం వార్షిక నివేదిక, 2024–25: దుకాణాలు, భవనాల విపత్తు సన్నద్ధత

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారములు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తిన సంగతి మనలో ఎవరూ మరచిపోలేరు. ఆ వాగు మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడిన ఆ సమయంలోనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించింది. చాలా వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. వరదను ఆపడం మన చేతిలో లేకపోయినా, దుకాణంలో ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది మన చేతిలోనిదే. అందువల్ల ఈ ఏడాది సంఘం తన శ్రమంతా ఆ ఒక్క పనిపైనే పెట్టింది.

మీటరు బోర్డులు, ఇన్వర్టర్ బ్యాటరీలు, లెక్కల కంప్యూటర్లు సెల్లారులో ఉంటే మొదట దెబ్బతినేవి అవే కనుక, వాటిని పై అంతస్తుకు మార్చుకోవాలని ఇంటింటికీ తిరిగి చెప్పాం. భవన యజమాని, అద్దెదారు ఖర్చు పంచుకోవడానికి ఒప్పుకున్న చోట పని త్వరగా పూర్తయింది. తక్కిన చోట్ల చర్చలు సాగుతున్నాయి. నీరు తీసిన తరువాత ఎలక్ట్రీషియన్ పరీక్షించకుండా మెయిన్ స్విచ్ వేయరాదన్న సూచనను ప్రతి దుకాణంలోనూ అతికించాం.

బీమా విషయంలో సభ్యులు మరింత శ్రద్ధ చూపవలసి ఉంది. ఒక చోట ఉన్న ఆస్తుల విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వరద నష్టానికీ వర్తిస్తుంది. అయితే బీమా మొత్తం అసలు విలువ కంటే 15 శాతానికి మించి తక్కువగా ఉంటే పరిహారం ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. పండుగల ముందు సరుకు పెంచి పాత మొత్తానికే పాలసీ కొనసాగించేవారు, పాలసీలో చిరునామా లేని గోదాములో నిల్వ చేసేవారు ఇది తప్పక గమనించాలి. బ్యాంకు రుణం ఉన్నవారు పాలసీ నకలును బ్యాంకు నుంచి తెచ్చుకుని స్వయంగా చదవాలి.

సెల్లారు ప్రమాదం నీటితోనే రాదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ మెట్ల మీదుగా పైకి పాకి, 8 మంది ప్రాణాలు పోయాయి. మన సముదాయాల్లో మెట్ల మీద అట్టపెట్టెలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అక్కడ పనిచేసే సిబ్బంది ప్రాణాలకన్నా ఆ జాగా విలువైనది కాదు.

వర్షాకాలానికి ముందే ప్రతి సభ్యుడూ మెట్లు ఖాళీ చేయించి, సరుకు ఫొటోలను, పాలసీ నకలును, సిబ్బంది ఫోన్ నంబర్లను దుకాణం బయట మరొక చోట భద్రపరచి, ఆ వివరాన్ని కార్యదర్శికి తెలియజేయాలని కార్యవర్గం కోరుతున్నది.