ప్రాణంతో వచ్చేవాళ్ల సంగతి కూడా చూడండి సార్

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం సార్. మాది జగిత్యాల జిల్లా. 2007లో దుబాయ్ వచ్చాను, వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చే నెల ఇంటికి వచ్చేస్తున్నాను, మళ్లీ రాను. కార్గో డబ్బా మీద కూర్చుని ఫోన్‌లో కొడుతున్నా, తప్పులుంటే ఏమనుకోకండి. డబ్బాలో రెండు పెద్ద దుప్పట్లు, టాంగ్, మా అమ్మకు నొప్పుల నూనె, నా టూల్స్. రైస్ కుక్కర్, మంచం పక్కన ప్లైవుడ్‌తో నేనే చేసుకున్న అర మాత్రం కింది బెడ్‌కు మారుతున్న కోరుట్ల తమ్ముడికి ఇచ్చేశాను.

ముందు గ్రాట్యుటీ, అంటే పని మానేసి వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, దాని లెక్క చెప్తా. ఇక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. వినడానికి బాగానే ఉంది కానీ అది బేసిక్ మీదే, అంటే అలవెన్సులు తీసేస్తే మిగిలే అసలు జీతం మీదే. నాకొచ్చేది 1,800 దిర్హామ్‌లు, అందులో బేసిక్ 900, మిగతాది అలవెన్సులు. 19 ఏళ్లకు 525 రోజులు, రోజుకు 30 చొప్పున 15,750 దిర్హామ్‌లు, మన డబ్బుల్లో నాలుగు లక్షలకు కాస్త అటూ ఇటూ. మోసమేం కాదు, రూల్ ప్రకారమే. ఏజెంట్‌కు అప్పు తెచ్చి కట్టి, దాని మిత్తి గురించే ఆలోచిస్తూ సంతకం పెట్టినవాణ్ణి, బేసిక్ అంటే ఏంటో నేనూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు క్యాన్సిల్ కాగితం మీద 'నాకు రావాల్సిందంతా ముట్టింది' అని ఉంటుంది, డబ్బు పడకముందే దాని మీద సంతకం అడుగుతారు. చట్టం 14 రోజుల్లో ఇచ్చేయాలంటుంది. నా రూమ్మేట్ ఒకడు నిరుడు సంతకం పెట్టి విమానం ఎక్కేశాడు, ఊళ్లో కూర్చుని కంపెనీలో వీసా కాగితాలు చూసే పీఆర్వోకు ఇప్పటికీ వాట్సాప్ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు.

వీసాలో నా పని 'హెల్పర్'. చేసింది ఏసీ పని, స్ప్లిట్ నుంచి చిల్లర్ దాకా అన్నీ. ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూల్ ఉంది, కానీ మూడైందని టెర్రస్ మీది రేకు చల్లారదు కదా, స్పానర్‌కు తడిగుడ్డ చుట్టి పట్టుకోవాలి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చారు, దాంట్లోనూ హెల్పరే. అది పట్టుకుని బ్యాంకుకెళ్లి ఏసీ షాపుకు లోన్ కావాలంటే మేనేజర్ ఏమంటాడో మీరే చెప్పండి.

2024 సెప్టెంబర్‌లో మీ ప్రభుత్వం జీవో ఇచ్చింది, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు. మంచి పని సార్, వెటకారం కాదు. కానీ మొన్న రాత్రి నేను లెక్క వేసుకుంటుంటే కోరుట్ల తమ్ముడు పైబెడ్ నుంచి తొంగిచూసి, "అన్నా, నడిసి పోతే నాలుగు, డబ్బాల పోతే ఐదు" అన్నాడు. రూమంతా నవ్వాం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా సైట్ మలయాళీ సూపర్‌వైజర్ కూడా ఈ ఏడే వెళ్లిపోతున్నాడు. వాళ్ల ప్రవాసీ వెల్ఫేర్ బోర్డులో నెలనెలా కట్టాడు, అరవై దాటితే పెన్షన్. షాపు పెట్టుకుంటానంటే ప్రవాసుల కోసం వాళ్ల ప్రభుత్వం పెట్టిన నోర్కా ద్వారా 30 లక్షల దాకా ప్రాజెక్టుకు లోన్, అందులో 15 శాతం, 3 లక్షలు మించకుండా సబ్సిడీ. కేరళ ఆ నోర్కా శాఖను 1996లోనే పెట్టుకుంది. మన కేంద్రం కూడా 2012లో మాలాంటివాళ్లకు ఒక పెన్షన్ స్కీమ్ తెచ్చింది, దాని పేరు మా క్యాంపు దాకా వచ్చేలోపు 2017లో ఎత్తేసింది.

మమ్మల్ని బయటిదేశాలకు పనికి పంపడానికి మన ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. తిరిగొచ్చినవాళ్ల కోసం జిల్లాకో టేబుల్, దాని వెనక విషయం తెలిసిన ఒక మనిషి, అంతే అడుగుతున్నా. ఏసీ పనో, రాడ్ బెండింగో, ఐటీఐలో ఒక రోజు చేయించి చూసి సర్టిఫికెట్ ఇవ్వండి. గ్రాట్యుటీ రానివాళ్ల తరఫున కాన్సులేట్‌కు ఉత్తరాలు రాయించండి. బయటిదేశంలో ఉన్నవాళ్లకు బ్యాంకు ఇచ్చే ఎన్ఆర్ఈ అకౌంట్‌ను తిరిగొచ్చాక మామూలు అకౌంట్‌గా మార్చుకోవాలని కూడా మాలో సగంమందికి తెలియదు. రేషన్ కార్డుకు నా వేలిముద్ర పడలేదని, పేరు తీసేస్తారేమోనని ఇంటావిడకు ఒకటే టెన్షన్. హైదరాబాద్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉందని తెలుసు, కానీ అంతదూరం వెళ్లి రావాలంటే ఆమెకు ఒక రోజు బీడీల కూలి పోతుంది. పెన్షన్ సంగతి తర్వాత చూద్దురు, నాకింకా 46.

దిగిన వారంలోనే సోమవారం ప్రజావాణికి మా కలెక్టరేట్‌కు వస్తాను. ఎవరి దగ్గర లైన్‌లో నిలబడాలో కాస్త చెప్పించండి సార్.

ఇట్లు,
జగిత్యాల జిల్లావాడు, ఇంకో మూడు వారాలు అల్ ఖూజ్, దుబాయ్