వసారాలో తయారైన మెషిన్‌కి దారి చూపండి: చిన్న పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది హిందూపురం దగ్గర ఒక పల్లె. ఫిబ్రవరి వచ్చిందంటే మా వీధిలో ఏ గడప ముందు చూసినా చింతపండు రాశులే. ఆడవాళ్లు ముందర రాయి పెట్టుకుని, ఇనుప కడ్డీతో కొట్టి గింజ తీస్తారు. దెబ్బ తక్కువైతే గింజ ఊడదు. ఎక్కువైతే పగిలి పండులో కలిసిపోతుంది, ఇక ఆ పండుకి ధర రాదు. మా అమ్మ 30 ఏళ్లు ఈ పని చేసింది. సీజన్లో ఆమె వేళ్ల సందుల్లో చర్మం చీలి, పులుపు లోపలికి దిగేది. రాత్రి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. మా ఇంట్లో చెంచాతో తినేది ఆమె ఒక్కతే, అదీ ఆ మూడు నెలలే.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. బెంగళూరులో ఒక కంపెనీ టూల్ రూంలో నాలుగేళ్లు పనిచేసి, బాబు పుట్టాక ఊరికి వచ్చేశాను. అప్పుడు మొదలుపెట్టాను, చింతపండు గింజ తీసే ఈ మెషిన్. మొదట కట్టె రోలర్లు పెడితే గింజలు పటపటా పగిలిపోయాయి. సైకిల్ ట్యూబు చుట్టి చూశాను, పండు దానికి అతుక్కుపోయింది. చివరికి పాత ట్రాక్టర్ టైరు రబ్బరు కోసి, రెండు రోలర్ల మధ్య స్ప్రింగు పెట్టి, సందు ఎంత ఉండాలో రోజూ కొంచెం కొంచెం మార్చుకుంటూ పోతే, ఒక సాయంత్రం గింజ చెక్కుచెదరకుండా బయటికి దూకింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పాత కుట్టు మిషన్ తొక్కుడు పలకే దీనికి ఇంజన్. కరెంటు అక్కర్లేదు.

వీధిలో వాళ్లు అడిగితే ఇంటి వసారాలోనే చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. ఇప్పటికి 11 మెషిన్లు ఇచ్చాను. చిన్న పరిశ్రమగా గుర్తించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంటి అడ్రస్‌తోనే, రూపాయి ఖర్చు లేకుండా వచ్చింది. ప్రభుత్వం చేసిన మంచి పని అది, కాదనను. కష్టాలన్నీ ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఒక ప్రదర్శనకు రమ్మని పిలిచారు. సంతోషంగా మెషిన్ ఆటోలో వేసుకుని వెళ్లాను. వచ్చినవాళ్లందరికీ విప్పి చూపించాను, ఫొటోలు తీసుకోనిచ్చాను. శాలువా కప్పారు. తర్వాతి సీజన్‌కి అదే రోలరు, అదే స్ప్రింగు, దానికి ఒక మోటారు తగిలించి వేరేవాళ్లు అమ్ముతున్నారు. వేరేవాళ్లు కాపీ కొట్టకుండా ఆపే హక్కు, అదే పేటెంట్, దాని కోసం పరుగెత్తితే అప్పుడు తెలిసింది, దరఖాస్తు పెట్టకముందే నలుగురిలో చూపిస్తే అది కొత్త ఆవిష్కరణ కిందికి రాదట. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శన అయితే చూపించాక 12 నెలల గడువు ఉంటుంది. నేను వెళ్లింది అలాంటిది కాదు. పిలిచినవాళ్లలో ఒక్కరు కూడా "అమ్మా, ముందు దరఖాస్తు పెట్టుకో" అనలేదు.

అయ్యా, పేటెంట్‌కి తాత్కాలిక దరఖాస్తు పెట్టడానికి నాలాంటి వ్యక్తికి ఫీజు 1,600 రూపాయలే. అది పెడితే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైం దొరుకుతుంది. భారం ఫీజుది కాదు, ఆ కాగితం రాయడానిది. ఏది కొత్త, ఏది పాతది అని చట్టం భాషలో రాయాలి. అదీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసి చెన్నై పేటెంట్ ఆఫీసుకి పంపాలి. రాసిపెట్టేవాళ్లు అడిగే డబ్బు నా మెషిన్ల మీద మిగిలే లాభం కంటే ఎక్కువ. తెలంగాణలో ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు అమ్మ చేతుల నొప్పి చూడలేక, చీరల నేతకు దారం చుట్టిపెట్టే ఆసు యంత్రం చేశారు. అది 1999లో సిద్ధమైతే పేటెంట్ వచ్చింది 2011లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పట్టుదలకి చేతులెత్తి మొక్కుతాను. కానీ ప్రతి ఇంట్లో అంత ఓర్పు ఉండాలని ప్రభుత్వం ఎదురుచూడకూడదు.

2025 ఆగస్టులో మంగళగిరిలో కొత్త ఆవిష్కరణలకు సాయం చేసే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభించారు. దాని అనుబంధ కేంద్రాల్లో ఒకటి మా అనంతపురానికి ఇచ్చారు. అక్కడ వారానికి ఒక్క రోజు, మెషిన్ చూసి, మా తెలుగు విని, దరఖాస్తు రాసిపెట్టే మనిషిని కూర్చోబెట్టండి. కంపెనీ పెట్టుకుని రండి అనొద్దు. స్టార్టప్ గుర్తింపుకి సొంత పేరు మీద నడిపే చిన్న వ్యాపారం పనికిరాదు, కంపెనీయో భాగస్వామ్య సంస్థో, అలాంటిది ఏదో ఉండాలంటారు. 11 మెషిన్లు అమ్మినదానికి కంపెనీ ఎక్కడిది? ఏ ప్రభుత్వ ప్రదర్శనకు పిలిచినా, పేటెంట్ దరఖాస్తు పెట్టించిన తర్వాతే స్టాల్ ఇవ్వాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగదు.

ఇక రెండోది. హిందూపురం దాటితే కర్ణాటక. గౌరిబిదనూరు వైపు మా చుట్టాలే ఉన్నారు, అక్కడి ఆడవాళ్లూ ఇదే చింతపండు కొడతారు. నాలుగు మెషిన్లు కావాలని అడిగారు. మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల లోపు సరుకు అమ్మితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే మెషిన్ రాష్ట్రం దాటితే మొదటిదానికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ తర్వాత అమ్మినా అమ్మకపోయినా రిటర్నులు వేయాలి, ఆలస్యమైతే రోజు లెక్కన ఫైన్. నా పని ఏడాదిలో నాలుగు నెలలే. మిగతా ఎనిమిది నెలలు ఏమీ అమ్మలేదని చెప్పడానికి ఆడిటర్‌కి ఫీజు కట్టాలి. చేతివృత్తుల వస్తువులకు ఇందులో మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో చేసే చిన్న యంత్రాలకూ ఒక పరిమితి వరకు ఇవ్వాలని జీఎస్టీ కౌన్సిల్‌లో మన ఆర్థిక మంత్రి గారి చేత అడిగించండి. సరిహద్దు మండలాల్లో బతికేవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో అమరావతి నుంచి కనబడకపోవచ్చు.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మెషిన్‌కి కరెంటు లేకపోయినా, చేయడానికి వెల్డింగ్ కావాలి. ఇంటి మీటరు మీద వెల్డింగ్ పెట్టావని తనిఖీకి వచ్చినవాళ్లు రెట్టింపు లెక్కన బిల్లు వేశారు. కుటీర పరిశ్రమలకు వేరే కేటగిరీ ఉంది కదా అంటే, షెడ్డు చూపించు అన్నారు. బ్యాంకులోనూ అదే మాట. 10 లక్షల లోపు అప్పుకి తాకట్టు అడగకూడదని అప్పటికే రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉన్నా, "ఇంట్లో ఫ్యాక్టరీ ఏంటమ్మా" అని ఫైలు పక్కన పెట్టారు. ఉద్యమ్ సర్టిఫికెట్ మీద నా ఇంటి అడ్రసే ఉంది. ఆ సర్టిఫికెట్ చాలని కరెంటు ఆఫీసుకి, బ్యాంకులకి మీ శాఖ నుంచి రాతపూర్వకంగా చెప్పించండి.

ఇంటికొక పారిశ్రామికవేత్త కావాలని మీ ప్రభుత్వమే అంటోంది. ఆ మాట నమ్మే ఈ లేఖ రాస్తున్నాను. పొదుపు సంఘాల బాధ్యత కూడా మీదే కాబట్టి, ఈ మెషిన్ ముందు కూర్చునే ఆడవాళ్లు ఎవరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రోలర్లకి కొత్త పద్ధతిలో గాడి పెట్టి చూస్తున్నాను, ఈనె కూడా గింజతో పాటే ఊడి వచ్చేలా. అది ఇంకా ఎవరికీ చూపించలేదు. అటకెక్కించి గుడ్డ కప్పి పెట్టాను. ఫిబ్రవరిలో కొత్త పండు దిగేలోపు దాని దరఖాస్తు రాసిపెట్టే మనిషి అనంతపురంలో ఉంటే, మొదటి బస్సుకే బయల్దేరి వస్తాను.

ఇట్లు,
చింతగింజ మెషిన్ చేసిన ఒక డిప్లొమా మెకానిక్,
హిందూపురం ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా