బొకే ఇచ్చి ఫొటో దిగితే అయిపోలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వచ్చింది. మా కాలేజీదే. ఇద్దరు బీటెక్ పిల్లలు ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కి, అంటే ఒక సెమిస్టర్ అక్కడ చదివి రావడానికి, జర్మనీ వెళ్తున్నారట, చేతుల్లో బొకేలు, వెనకాల ఫ్లెక్సీ, అటొకరు ఇటొకరు పెద్దసార్లు. 2024 సెప్టెంబరులో సరిగ్గా అలాంటి ఫొటోలోనే నేనూ ఉన్నాను, ఆ పేపర్ కటింగ్ మా అమ్మ ఇప్పటికీ బీరువా తలుపుకి అంటించి ఉంచింది. ఫొటో వేసినందుకు కాదు నా బాధ. ఆ బొకే వాడిపోయే లోపు ఆ పిల్లలకి ఏం ఎదురవుతుందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు, మీ చదువుల పేజీలో కూడా వీసా, ర్యాంకులు, స్కాలర్‌షిప్‌లు తప్ప ఆ ముక్క ఎప్పుడూ రాలేదు. అందుకని రాస్తున్నాను.

నేను వెళ్లింది జర్మనీలోనే డ్రెస్డెన్. ఎల్బే నది ఒడ్డున ఊరు. నేను దిగడానికి పదిహేడు రోజుల ముందు, సెప్టెంబరు 11 తెల్లవారుజామున, అక్కడి కరోలా వంతెనలో ట్రామ్ పట్టాలున్న భాగం విరిగి నదిలో పడిపోయింది, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. 1971లో తెరిచిన వంతెన. రాజమండ్రి వాడిని కదా, 1900లో తెరిచిన మన హేవలాక్ బ్రిడ్జి మీద 1997లో రైళ్లు ఆపేసినా అది గోదాట్లో ఇంకా నిలబడే ఉందని కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు లెండి.

దిగింది శనివారం రాత్రి. ఆదివారం అక్కడ సూపర్‌మార్కెట్లు మూసేస్తారని నాకు తెలీదు. సూట్‌కేసులో రెండు కిలోల ఆవకాయ ఉంది, కందిపొడి ఉంది, గుంటపొంగణాల పెనం కూడా పెట్టింది మా అమ్మ, బియ్యం మాత్రం లేవు. విమానంలో ఇచ్చిన బన్ను ఒకటి జేబులో ఉంటే దానికి ఆవకాయ పూసుకుని తిని పడుకున్నాను. పెద్ద రైల్వే స్టేషన్లలో షాపులు ఆదివారం కూడా తెరిచే ఉంటాయని డిసెంబరులో తెలిసింది!

కాగితాల గొడవ గురించి ఎక్కువ రాయను, అది ఎలాగో అవుతుంది. గదిలో దిగిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనర్ లేదా హాస్టల్ వాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్లో వేసిన డబ్బు మనదే అయినా 2024 సెప్టెంబరు లెక్క ప్రకారం నెలకి 992 యూరోలు మాత్రమే చేతికి వచ్చేది, అది మొదలవ్వడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది కాబట్టి మొదటి నెల ఖర్చు విడిగా పట్టుకెళ్లాలి. ఇంతే. ఈ రెండు ముక్కలు చెప్పడానికి అరగంట పట్టదు, మాకు ఆ అరగంట కూడా ఎవరూ ఇవ్వలేదు.

అసలు కష్టం వేరే. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇక్కడ మనకి 75 శాతం హాజరు ఉండాలి, ఒక్క రోజు క్లాసుకి పోకపోతే సాయంత్రానికి నాన్న ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, రికార్డు సబ్మిట్ చేయకపోతే ల్యాబ్ సార్ పిలిచి మరీ తిడతారు. పరీక్ష ఫీజు కట్టావా అని క్లర్కు అడుగుతాడు, ఫ్రెండ్ అడుగుతాడు, ఆఖరికి జిరాక్స్ షాపాయన కూడా అడుగుతాడు. అక్కడ మొదటి క్లాసు ఉదయం ఏడున్నరకి, చలికాలంలో ఆ టైముకి ఇంకా చీకటే, లేచినా లేవకపోయినా అడిగే నాథుడు లేడు. మొదటి రెండు వారాలు స్వర్గంలా ఉంది. తర్వాత భయం వేసింది. ఏదో ఒకటి నేను చేయాల్సింది మిగిలిపోతోందని, అదేంటో నాకు తెలియట్లేదని రాత్రిళ్లు ఒకటే టెన్షన్.

(మొదటి లెక్చర్ అయ్యాక క్లాసంతా పిడికిళ్లతో బల్లల మీద టకటకా కొట్టారు. ప్రొఫెసర్ మీద గొడవ చేస్తున్నారనుకుని బ్యాగు సర్దుకున్నాను. అది వాళ్ల చప్పట్లట.)

ఇక ఫ్రిజ్ సంగతి. మా కారిడార్లో ఆరుగురికి ఒక వంటగది, ఒక్కొక్కరికి ఫ్రిజ్‌లో ఒక అర. అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున నా అర మీద పసుపు చీటీ అంటించి ఉంది, ఇంగ్లిష్‌లో రెండే వాక్యాలు: నీ సీసా కారుతోంది, దాన్ని ఒక గిన్నెలో పెట్టు. కింద సంతకం లేదు, సారీ లేదు, దయచేసి లేదు. చూస్తే ఆవకాయ నూనె కింది అరలో ఎవరిదో చీజ్ పొట్లం మీదకి ఎర్రగా జారింది. సిగ్గుతో చచ్చిపోయాను. మన దగ్గర అలా చీటీ రాశారంటే మాటలు తెగిపోయినట్టే కదా. నాలుగు రోజులు అందరూ పడుకున్నాక పదకొండు దాటి వంట చేసుకున్నాను, తాలింపు కూడా పెట్టలేదు. ఐదో రోజు రాత్రి ఆ చీటీ రాసిన పక్క గది అబ్బాయే నీళ్ల కోసం వచ్చి, ఇంత ఆలస్యంగా ఎందుకు వండుతున్నావు, ఒంట్లో బాగాలేదా అన్నాడు. చీటీకి బాధపడ్డానని చెప్తే అతనికి అర్థమే కాలేదు. సీసా కారుతోంది కాబట్టి కారుతోందని రాశాను, గిన్నెలో పెట్టావు కాబట్టి అయిపోయింది అన్నాడు. అంతే, అతని లెక్కలో ఆ విషయం నాలుగు రోజుల క్రితమే ముగిసింది. తర్వాత ఆ ఆవకాయ చీజ్ బ్రెడ్డు మీద వేసుకుని తిన్నాడు, కళ్లలో నీళ్లు వచ్చినా ఆపలేదు.

ఆ అబ్బాయే జనవరిలో గిన్నెలు తోముతూ మాటల్లో, పరీక్షలకి రిజిస్టర్ చేసుకున్నావా అన్నాడు. కోర్సులో చేరాను కదా, మళ్లీ ఏం రిజిస్టర్ అన్నాను. కోర్సులో చేరడం వేరట, పరీక్షకి పేరు ఇవ్వడం వేరట, గడువు ఇంకో మూడు రోజులే ఉందట. ఆ రోజు గిన్నెలు తోమే వంతు వేరేవాళ్లదై ఉంటే నా సెమిస్టర్ మొత్తం గంగలో కలిసేది. అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు మేడమ్‌ని తర్వాత అడిగాను, ఇలాంటిది ముందే చెప్పొచ్చు కదా అని. ఆవిడ చాలా మర్యాదగా, నువ్వు అడగలేదు కదా అంది. కోపం వచ్చింది, నిజమే కదా అని కూడా అనిపించింది. పన్నెండేళ్లు బడిలో, మూడేళ్లు కాలేజీలో డౌట్ అడిగితే ముందు బెంచి వాళ్లు నవ్విన పెంపకం నాది.

తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు లేకపోతే మాత్రం అక్టోబరు గడిచేది కాదు. బియ్యం ఎక్కడ దొరుకుతాయో, ఏ సిమ్ చవకో అన్నీ వాళ్లే చెప్పారు. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 31న పడింది, డ్రెస్డెన్ ఉన్న రాష్ట్రంలో అదే రోజు రిఫర్మేషన్ డే అని ప్రభుత్వ సెలవు, మన పండక్కి వాళ్లు సెలవిచ్చినట్టే అయింది. టపాకాయలు కొందామంటే అక్కడ ఏడాది చివరి మూడు రోజులే అమ్ముతారు, కాబట్టి కొవ్వొత్తులు పెట్టుకుని పులిహోర తిన్నాం. అయితే వాళ్లంతా రెండేళ్ల మాస్టర్స్‌కి వచ్చినవాళ్లు. నాలా ఆరు నెలలకి వచ్చి, అక్కడి మార్కులు ఇక్కడ చెల్లాల్సినవాడి ఇబ్బంది వాళ్లకి తెలియదు, నేను మాత్రం వాళ్లు చెప్పిందే వేదమని శనాదివారాలన్నీ ఆ గదుల్లోనే గడిపేశాను. మళ్లీ వెళ్తే అందులో సగం శనివారాలు ఆ వంటగదిలో కూర్చుంటాను.

మార్కుల గురించి కూడా చెప్పాలి. అక్కడ 1.0 అంటే అందరికన్నా మెరుగు, 4.0 దాకా పాస్, 5.0 అంటే ఫెయిల్. నాకు ఒక సబ్జెక్టులో 1.7 వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. పోనీలేరా, మళ్లీ రాద్దువుగాని అన్నారు. ఆయనకి చెప్తే అర్థమైంది. మా కాలేజీకి చెప్పడమే కష్టమైంది. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఒప్పుకున్న కోర్సుల్లో ఒకటి ఆ సెమిస్టర్‌లో లేదన్నారు, దాని బదులు ఇంకోటి తీసుకుంటానని నవంబరులో మెయిల్ పెట్టాను, మూడుసార్లు గుర్తు చేశాను, జవాబు లేదు. జవాబు లేదంటే సరేనన్నట్టే అనుకున్నాను, అది నా తప్పు. తిరిగొచ్చాక ఆ కోర్సు సిలబస్ మన సబ్జెక్టుతో కలవదని క్రెడిట్లు ఇవ్వలేదు, 2.3తో పాసైన సబ్జెక్టుకి బదులు ఇక్కడి సబ్జెక్టు సప్లిమెంటరీ రాశాను.

ఎడిటర్ గారూ, ఇప్పుడు వెళ్తున్న ఆ ఇద్దరు పిల్లలూ నాకు జూనియర్లే. మీరు వేసిన ఫొటో చూసే వాళ్లెవరో తెలుసుకుని ఫోన్ చేశాను, కోర్సు మారిస్తే సంతకంతో జవాబు వచ్చేదాకా వదలొద్దని, బియ్యం ఒక కిలో పెట్టుకోమని చెప్పాను. ఫొటో దిగిన రోజున కాలేజీలో ఇంకేమైనా చెప్పారా అని అడిగితే, నవ్వుతూ నిలబడమన్నారు అన్నాడు అందులో ఒకడు. నేను వచ్చి ఒక గంట మాట్లాడతానని కాలేజీకి వెళ్లి అడిగాను కూడా. చూద్దాం అన్నారు. వాళ్ల ప్రయాణం ఇంకో పన్నెండు రోజులుంది, రేపు మళ్లీ వెళ్లి అడుగుతాను.

ఇట్లు,
ఒక పాత ఎక్స్ఛేంజ్ విద్యార్థి,
రాజమండ్రి