గులాబీ పువ్వులు సరే, ఒక్క మాట మీద ఉండండి

సంపాదకులకు నమస్కారం.

కరోనాకు మూసిన బడులు ఈ 2021 సెప్టెంబర్ 1న మళ్ళీ తెరిచారు కదా, మర్నాడు మీ పత్రికలో మొదటి పేజీ ఫొటో చూసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నా. షాపులో తీరిక దొరక్క, వానలకు కరెంటు నిలవక ఇన్ని రోజులు పట్టింది. ఆ ఫొటోలో బడి గేటు దగ్గర ఓ పాప, చేతిలో గులాబీ పువ్వు, నుదుటికి గురిపెట్టిన జ్వరం తుపాకీ, వెనక వరసగా నాయకులు. కింద 'పిల్లల్లో ఉత్సాహం' అని రాశారు. పాప ముఖం మాస్కు వెనక ఉంది కాబట్టి ఆమె ఉత్సాహం సంగతి నాకు తెలియలేదు. నాయకుల మాస్కులు గదవ కిందికి ఉన్నాయి కాబట్టి వాళ్ళ ఉత్సాహం మాత్రం బాగానే కనబడింది.

నాది మండల కేంద్రంలో జిరాక్స్ షాపు. ఇల్లు ఆరు కిలోమీటర్ల అవతల ఊళ్ళో. బడుల విషయంలో సర్కారు ఎన్నిసార్లు మాట మార్చిందో విద్యాశాఖ కంటే నా మిషన్‌కే ఎక్కువ ఎరుక. సర్క్యులర్ వచ్చిన ప్రతిసారీ సార్లు ముందు నా దగ్గరికే వస్తారు. మొన్న ఆగస్టు 30న ఒక ప్రైవేటు బడి వాళ్ళు 'మా పిల్లవాడిని మా సొంత బాధ్యత మీద పంపుతున్నాము, ఏమైనా జరిగితే యాజమాన్యానికి సంబంధం లేదు' అనే కాగితం మూడు వందలు కొట్టించుకున్నారు. 31న హైకోర్టు ప్రత్యక్ష తరగతులకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టొద్దు, గురుకులాలు ఇప్పుడే తెరవొద్దు అన్నది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, షట్టర్ సగం దించిన తర్వాత, అదే బడి మనిషి పరుగెత్తుకొచ్చాడు. పాత కాగితం పనికిరాదట. కొత్త దాంట్లో 'ఆన్‌లైన్', 'ప్రత్యక్షం' అని రెండు డబ్బాలు పెట్టి తల్లిదండ్రులతో టిక్కు కొట్టించాలట. తెల్లారితే బడి! పాతవాటిలో అప్పటికి పంచగా మిగిలినవి నా బల్ల మీదే వదిలేసి పోయాడు. నిజం చెప్పాలంటే సర్కారు గందరగోళం నాకు గిరాకీ. ఆ గిరాకీ వద్దనుకునే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఎందుకంటే నా ఇంట్లోనూ ఇద్దరు పిల్లలున్నారు. కరోనా మొదలైనప్పుడు బిడ్డ ఎనిమిదో తరగతి, కొడుకు ఒకటో తరగతి. మొన్న మావాడి సంచీ అటక మీద నుంచి దించితే వర్క్‌బుక్కులో చివరి పేజీ మీద 13-3-2020, శుక్రవారం అని టీచరమ్మ ఎర్ర సిరాతో వేసిన తారీఖు ఉంది. మర్నాడు రెండో శనివారం సెలవు, ఆ సాయంత్రమే బడులు బందని ప్రకటన. పేజీలో సగం వరకు 'ఖ' గుణింతం ఉంది, 'ఖె' దగ్గర ఆగిపోయింది. వాడిప్పుడు మూడో తరగతి. రెండో తరగతి గది ఎట్లుంటుందో వాడికి తెలియదు.

తారీఖులు నేను మరిచిపోలేదు. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, సర్కారు వాళ్ళ చదువుల చానల్ టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు, 24న ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు. సరిగ్గా నెలకు, మార్చి 24న అన్నీ మూశారు. జూన్‌లో కేబినెట్ కూర్చుని జులై 1 నుంచి బడులన్నీ తెరుస్తామన్నది. మా ఇంటామె బిడ్డకు కొత్త బూట్లు కొన్నది, బడి తెరవలేదు, మళ్ళీ టీవీనే. ఇప్పుడు సెప్టెంబర్ వచ్చేసరికి ఆ బూట్లు బిగువయ్యాయి. పదో తరగతి పిల్ల పాదం కేబినెట్ నిర్ణయం కోసం ఆగుతుందా?

టీవీ పాఠాలు దండుగ అని నేను అనను. చెప్పిన సార్లు మంచిగనే చెప్పారు. కానీ గణితం అరగంట నడుస్తుండగా కరెంటు పోతే ఆ లెక్క మళ్ళీ ఎవరు చెప్పాలి? ఇక కొడుకు ప్రైవేటు బడి ఆన్‌లైన్ క్లాసుకు ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది నా షాపు ఫోను. గిరాకీ వాళ్ళు ఆధార్ కార్డు, పట్టా పాసుపుస్తకం వాట్సాప్‌లో పంపి 'అన్నా, ప్రింటు తియ్' అంటూ నా ముందర నిలబడేవారు. ఫోనేమో ఆరు కిలోమీటర్ల దూరంలో, పప్పు డబ్బాకు ఆనించి, నా కొడుకు ముందర. ఒకసారి మావాడు టీచరమ్మ అనుకుని ఎవరిదో కుల ధ్రువీకరణ పత్రానికి 'గుడ్ మార్నింగ్ మేడమ్' అని జవాబు పెట్టాడు.

మా ఇంటామె కూడా ప్రైవేటు బడి టీచరే. జీతం ఆగిపోయింది. ఈ ఏడు ఏప్రిల్ నుంచి కొన్నాళ్ళు సర్కారు రెండు వేల రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది. ఇచ్చినదాన్ని కాదనను, ఆ బియ్యం తిన్నాం. కొడుకు ఫీజు మాత్రం వాళ్ళ బడి వదలలేదు. సర్కారు ఫీజుల మీద ఇచ్చిన జీవో 46 ప్రకారం ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలి కదా అంటే, 'అది పేపర్ల మీద' అన్నారు. పేపర్ల సంగతి జిరాక్స్ వాడికి చెప్తున్నారు! బకాయి కడితే గాని టీసీ ఇయ్యమన్నారు. చిట్టీ ఎత్తి కట్టి, వాణ్ణి మా ఊరి సర్కారు బడిలో వేశాను. పంతులు మంచాయన. ఊళ్ళో నాలాంటి వాళ్ళు ఇంకా చాలామంది పిల్లల్ని అటు మార్చారు.

ఇక ఆ బడి ఊడ్చే మనిషి సంగతి. కరోనా వచ్చినప్పటి నుంచి సర్కారు బడుల్లో ఊడ్చేవాళ్ళను మళ్ళీ తీసుకోలేదు. ఆ పని పంచాయతీలకు అప్పజెప్పారు. ఆగస్టు 31న పంచాయతీ మనుషులు వచ్చి గేటు నుంచి వరండా దాకా బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లటి గీత గీశారు, ముగ్గు పెట్టినట్టు. ఫొటో తీసుకున్నారు, పోయారు. వెనక మరుగుదొడ్డి తలుపు తీస్తే పదిహేడు నెలల తుమ్మాకు, ఒక తేనెపట్టు. మర్నాడు పంతులుగారే ప్యాంటు మడిచి చీపురు పట్టారు. ఆయనతోపాటు నేనూ నాలుగు బకెట్ల నీళ్ళు మోశాను. తేనెపట్టు ఇంకా అట్లనే ఉంది.

మొదటి రోజు మావాడు నీలం మాస్కు పెట్టుకుని పోయి, సాయంత్రం పులి మూతి బొమ్మ ఉన్న మాస్కుతో వచ్చాడు. ఇదెక్కడిదిరా అంటే 'మార్చుకున్నం నాన్నా, రేపు వాడు కోతిది తెస్తడు' అన్నాడు. వాళ్ళమ్మ తల పట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. భయమూ వేసింది. పదిహేడు నెలల్లో వాడికి పక్కన కూర్చునే దోస్తు దొరకడం అదే మొదటిసారి, ఏమని తిట్టను?

బిడ్డది ఇంకో గోస. ఆమె హైస్కూలు మండల కేంద్రంలో. పొద్దున ఏడున్నర బస్సు లాక్‌డౌన్‌లో ఆగింది, ఇంతవరకు రాలేదు. ఆ తర్వాతి బస్సు దిగేసరికి ప్రార్థన అయిపోయి మొదటి పీరియడ్ సగం నడుస్తుంటుంది. ఈ వానల్లో ఆమెను, ఇంకో ఇద్దరు పిల్లలను బండి మీద నేనే తెస్తున్నా. పోలీసాయన ఆపి ముగ్గురిని ఎట్లా ఎక్కించావని ఫోటో కొట్టాడు. బడి తెరిచే తారీఖు ఆగస్టు 23నే తెలుసు కదా. బస్సు నడిపే వాళ్ళకు, ఊడ్పించే వాళ్ళకు, బడి నడిపే వాళ్ళకు ఒకరితో ఒకరికి మాటలు లేవా? జిల్లా పేరు వరంగల్ అర్బన్ నుంచి హనుమకొండకు మార్చడానికి మాత్రం అందరూ ఒక్క మాట మీదకొచ్చారు. ఆగస్టు 12న మారింది, రబ్బరు ముద్రల వాళ్ళు కొత్త పేరు ముద్రలు ఇప్పటికీ తయారుచేయలేకపోతున్నారు.

పిల్లల ప్రాణం కోసమే మూశాం అంటారు, కాదనను. రెండో వేవ్‌లో మా వీధిలోనే రెండు చావులు చూశాం. కానీ 2020 మే 6న మందు దుకాణాలు తెరిచినప్పుడు వైరస్‌కు ఎవరు నచ్చజెప్పారు? మార్చి 24న బడులు మూసి, ఏప్రిల్ 30న వరంగల్‌లో, ఖమ్మంలో కార్పొరేషన్ ఓట్లు వేయించారు. ఎక్కడనుకున్నారు, బడి గదుల్లోనే. పిల్లలు కూర్చోకూడని బెంచీలు జరిపి ఓటు డబ్బాలు పెట్టారు. మొన్న ఆగస్టు 16న హుజూరాబాద్‌లో ముఖ్యమంత్రి దళితబంధు సభకు బస్సులు ఎన్ని వచ్చాయో మా రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టలేకపోయాం. మా ఏడున్నర బస్సు కూడా వాటిలో ఉందేమో నాకు తెలియదు.

మేము అడిగేది పెద్దదేం కాదు. తెరిస్తే తెరవండి, మూస్తే మూయండి, ఆ ముక్క వారం ముందు, పగటి పూట చెప్పండి. రాత్రి పదింటికి వాట్సాప్‌లో చెప్పొద్దు. తొమ్మిదింటి దాకా పడుకోవడం అలవాటైన పిల్లల్ని ఆరింటికి లేపడానికి మా ఇంటామెకు నాలుగు రోజులు పట్టింది. మళ్ళీ ఇంకో కాగితం వస్తే ఆ నాలుగు రోజులు బూడిదలో పోసిన పన్నీరే. మీరు కూడా పువ్వుల ఫొటోతో పాటు ఏ ఊరికి ఏ బస్సు రావడం లేదో ఓ మూలన వేస్తే బాగుంటుంది.

ఆ ప్రైవేటు బడి వాళ్ళు వదిలేసిన 'సొంత బాధ్యత' కాగితాలు నూట నలభై దాకా నా దగ్గరే ఉన్నాయి. డబ్బులూ ఇయ్యలేదు. వెనక వైపు తెల్లగా ఉందని మావాడు ఇంటికి తీసుకుపోయాడు. ఎక్కాలు రాస్తున్నాడు. నిన్న రాత్రికి ఏడో ఎక్కం దాకా వచ్చాడు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు వాడు,
హనుమకొండ జిల్లా